ఇంటి కెమెరా ఊరికే మోగుతోందా? ఉత్తుత్తి అలర్ట్‌లు తగ్గించుకోవడం ఇలా

ఇంటి ముందు వైఫై కెమెరా పెట్టించుకోవడం ఇప్పుడు మన కుటుంబాల్లో మామూలైపోయింది. కొడుకు రియాద్‌లోనో దుబాయ్‌లోనో ఉంటే, ఇక్కడ అమ్మీ, అబ్బా ఇద్దరే ఉండే ఇంటికి సెలవులో వచ్చినప్పుడు అతను చేయించే పనుల్లో కెమెరా ఒకటి. పెట్టిన మొదటి రెండు మూడు రోజులు అందరూ సరదాగా చూస్తారు. తర్వాత గోల మొదలవుతుంది. పిల్లి దూకితే ఫోన్ మోగుతుంది. గల్లీలో ఆటో పోతే మోగుతుంది. గాలికి జామచెట్టు కొమ్మ ఊగితే మోగుతుంది. రోజుకు వంద, రెండొందల నోటిఫికేషన్లు వస్తుంటే చాలామంది చివరికి చేసే పని ఒక్కటే. యాప్ నోటిఫికేషన్లు మొత్తంగా ఆపేస్తారు.

ప్రమాదం అక్కడే ఉంది. కెమెరా గోడ మీద ఉంటుంది, లైటు వెలుగుతూ ఉంటుంది, ఇంట్లోవాళ్లకు ధైర్యంగానూ ఉంటుంది. కానీ నిజంగా ఎవరైనా గోడ దూకిన రాత్రి ఆ కబురు ఎవరికీ చేరదు. పొద్దున రికార్డింగ్ తీసి ఎవరొచ్చారో చూసుకోవచ్చు, అంతవరకే. ఇంకో వైపు, నోటిఫికేషన్లు ఆపకుండా ఉంచుకున్న ఇళ్లలో పెద్దవాళ్ల నిద్ర పాడవుతోంది. రాత్రి రెండింటికి ఫోన్ టింగుమనగానే అమ్మీ ఉలిక్కిపడి లేవడం, "బేటా, గేటు దగ్గర ఎవరో ఉన్నట్టున్నారు చూడు" అని కొడుక్కి కాల్ చేయడం, అతను అక్కడి నుంచి చూసి "ఎవరూ లేరమ్మీ, పిల్లి" అనడం. ఇలా నెల రోజులు గడిస్తే తర్వాతి కాల్‌ను కొడుకు కూడా సీరియస్‌గా తీసుకోడు.

మంచి విషయం ఏంటంటే, ఈ అలర్ట్‌లలో ఎక్కువ భాగాన్ని కొత్త కెమెరా కొనకుండానే తగ్గించుకోవచ్చు. ఒక గంట ఓపిక, ఒక నిచ్చెన, యాప్‌లో నాలుగైదు సెట్టింగులు చాలు.

కెమెరా దేన్ని చూసి మోగుతుంది?

ఇది తెలిస్తే మిగతాదంతా సులువు. మామూలు వైఫై కెమెరాలు చాలావరకు బొమ్మలో మార్పును చూస్తాయి. ఇప్పటి ఫ్రేమును ఇంతకు ముందు ఫ్రేముతో పోల్చి, అనుకున్నదానికన్నా ఎక్కువ చుక్కలు మారితే "కదలిక ఉంది" అంటాయి. ఆ కదిలింది మనిషా, నీడా, వెలుతురా అన్నది ఈ పద్ధతికి తెలియదు. మబ్బు వచ్చి ఎండ తగ్గినా మార్పే, ఎదురింటివాళ్లు వరండా లైటు వేసినా మార్పే.

రెండో రకం పీఐఆర్ సెన్సార్. బ్యాటరీతో నడిచే కెమెరాల్లో, వీడియో డోర్‌బెల్‌లలో ఎక్కువగా ఇదే ఉంటుంది. ఇది బొమ్మను చూడదు, వేడిని పసిగడుతుంది. మనిషి ఒంటి వేడి దాని ముందు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు కదిలితే అలర్ట్ ఇస్తుంది. ఆకులు ఊగితే, నీడలు పడితే పెద్దగా పట్టించుకోదు కాబట్టి ఉత్తుత్తి అలర్ట్‌లు తక్కువ. కానీ మన ఎండాకాలం దీనికి పరీక్షే. రామగుండం, ఖమ్మం, నంద్యాల లాంటి చోట్ల మే నెలలో గాలి వేడి, మనిషి ఒంటి వేడి దగ్గరదగ్గరగా వచ్చేస్తాయి. అప్పుడు తేడా తెలియక నిజంగా మనిషి నడిచినా మోగకపోవచ్చు. కాలిపోతున్న రేకుల షెడ్డు నుంచో ఏసీ బయటి యూనిట్ నుంచో వచ్చే వేడిగాలికి మాత్రం మోగవచ్చు. ఇంకో సంగతి, ఈ సెన్సార్ అడ్డంగా నడిచే మనిషిని బాగా పడుతుంది, నేరుగా దానివైపే వచ్చేవాణ్ని అంత త్వరగా పట్టదు. అందుకే దాన్ని గేటుకు సూటిగా కాకుండా పక్కవాటంగా పెట్టాలి.

మూడోది ఏఐ పద్ధతి. బొమ్మలో మార్పు కనిపించాక అది మనిషి ఆకారమా, బండా, జంతువా అని కెమెరా గానీ కంపెనీ సర్వర్ గానీ చూస్తుంది. కొన్ని కంపెనీలు మనిషిని గుర్తుపట్టే ఈ సౌకర్యాన్ని కెమెరాతో పాటు ఉచితంగానే ఇస్తున్నాయి, టీపీ లింక్ వారి టాపో కెమెరాలు అలాంటివి. కొన్ని కంపెనీలు నెలవారీ చందా కడితేనే ఇస్తాయి. కొనే ముందే షాపులో అడగాల్సిన ప్రశ్న ఇది. డబ్బా మీద ఏఐ అని రాసి ఉండటం వేరు, చందా లేకుండా అది పనిచేయడం వేరు.

ముందు లెక్క రాయండి

సెట్టింగ్స్ జోలికి వెళ్లే ముందు మూడు రోజుల అలర్ట్‌లు వరసగా తెరిచి చూడండి. ఒక కాగితం మీద టైము, కారణం రాసుకోండి. కొట్టులో రోజువారీ చిట్టా రాసుకున్నట్టే. రాత్రి 8 నుంచి 11 మధ్య వచ్చినవన్నీ బండ్ల లైట్లవేనా? మధ్యాహ్నం మూడింటికి వచ్చేవి ఆరేసిన బట్టలవా? రోజూ మగ్రిబ్ వేళకు ఒకటి, ఫజర్ తర్వాత తెల్లారేటప్పుడు ఒకటి తప్పకుండా వస్తోందా? చివరి రెండూ ఎవరో వచ్చినందుకు కాదు. చీకటి పడగానే కెమెరా కలర్ నుంచి నలుపు తెలుపు రాత్రి మోడ్‌లోకి మారుతుంది, తెల్లారగానే మళ్లీ కలర్‌కు వస్తుంది. ఆ క్షణంలో బొమ్మ మొత్తం మారిపోతుంది కాబట్టి కదలిక అనుకుని మోగుతుంది.

ఇలా రాసుకుంటే చాలా ఇళ్లలో ఒకటి రెండు కారణాలే ఎక్కువ అలర్ట్‌లకు మూలమని తేలుతుంది. వాటిని తీసేస్తే గోల చాలావరకు తగ్గుతుంది. లెక్క రాయకుండా సెన్సిటివిటీని అటూ ఇటూ జరుపుతూ కూర్చుంటే మాత్రం నెలైనా తేలదు.

చోటు, వాలు

కెమెరా బిగించే అబ్బాయి సాధారణంగా వైరు ఎక్కడికి అందితే అక్కడ బిగించి పోతాడు. ఇల్లూ, గల్లీ, ఎదురిల్లూ అన్నీ కనిపిస్తే మనం కూడా "బాగా వస్తోంది" అని సంతోషపడతాం. తప్పుడు అలర్ట్‌లు పుట్టేది అక్కడే. కెమెరాకు ఎంత ఎక్కువ రోడ్డు కనిపిస్తే అంత ఎక్కువ మోగుతుంది.

గోడ మీద 8 నుంచి 10 అడుగుల ఎత్తులో పెట్టి, కిందికి వంచండి. బొమ్మలో పై భాగాన ఆకాశం, రోడ్డు కాకుండా మీ గేటు పైఅంచు వచ్చి ఆగితే సరిపోతుంది. కిందికి వంచితే ఎదురుగా వచ్చే బండ్ల హెడ్‌లైట్లు సూటిగా లెన్సులో పడవు, ఉదయం సాయంత్రం ఎండ కొట్టదు. మరీ ఎత్తులో, సన్‌షేడ్ అంచుకు ఆనించి పెడితే ఇంకో చిక్కు వస్తుంది. రాత్రి కెమెరా వదిలే ఇన్‌ఫ్రారెడ్ వెలుగు పక్కనున్న తెల్లగోడకు తగిలి తిరిగి లెన్సులోకే కొడుతుంది. బొమ్మ పాలిపోతుంది, చిన్న పురుగు ఎగిరినా పెద్ద మెరుపులా కనిపిస్తుంది. గోడ అంచు ఫ్రేములో లేకుండా కెమెరాను కాస్త ముందుకు జరిపిస్తే ఇది పోతుంది.

వాన తడవకుండా ఉంటుందని కిటికీ అద్దం లోపల పెట్టేవాళ్లున్నారు. అది పనికిరాదు. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ వెలుగు అద్దానికే తగిలి వెనక్కి వస్తుంది. పీఐఆర్ సెన్సార్ అయితే అద్దం అవతల మనిషి వేడిని పట్టలేదు.

మన ఇళ్లలో ప్రత్యేకంగా చూసుకోవాల్సింది గుమ్మానికి వేలాడే పరదా. హాల్లోనో వరండాలోనో ఉన్న కెమెరాకు ఆ పరదా ఎదురుగా ఉంటే, ఫ్యాను వేసినంతసేపూ మోగుతూనే ఉంటుంది. పరదా కింది అంచుకు బరువు కుట్టడం ఒక దారి, కెమెరాను కొంచెం తిప్పడం ఇంకో దారి. గోడ క్యాలెండరు, దండెం మీద బట్టలు, ఆన్‌లో ఉన్న టీవీ, తలుపు పక్కన వేలాడే మనీప్లాంటు, ఇవన్నీ ఇదే జాతి. జామ, కరివేపాకు కొమ్మలు కెమెరాకు దగ్గరగా ఉంటే కొట్టేయండి. దూరంగా ఊగే పెద్ద చెట్టుకన్నా లెన్సుకు అడుగు దూరంలో ఊగే చిన్న రెమ్మ బొమ్మలో పెద్దగా కనిపిస్తుంది, ఎక్కువ మోగిస్తుంది.

యాప్‌లో చేయాల్సినవి

అన్నిటికన్నా ముందు డిటెక్షన్ జోన్. కొన్ని యాప్‌లలో యాక్టివిటీ జోన్ అంటారు. కెమెరా బొమ్మ మీద వేలితో గీత గీసి, "ఈ భాగంలో కదిలితేనే చెప్పు" అని చెప్పే సౌకర్యం ఇది. గేటు లోపలి నేల, తలుపు, మెట్లు, బండి పెట్టే చోటు, వీటికి మాత్రమే జోన్ గీయండి. రోడ్డు, చెట్టు, ఎదురింటి వరండా బయటే ఉండాలి. ఒక జాగ్రత్త. మనిషి పాదాలు పడే చోటును జోన్‌లోకి తీసుకోండి. గేటు మీది గాలిని మాత్రమే తీసుకుంటే, రోడ్డు మీద పొడవుగా పోయే లారీ కూడా అందులోకి వచ్చేస్తుంది.

తిరిగే కెమెరాలు, అంటే ఫోన్‌లో వేలితో అటూ ఇటూ తిప్పేవి ఉన్నవాళ్లు ఇది గమనించాలి. చాలా మోడళ్లలో జోన్ బొమ్మ మీద గీసిందే తప్ప మీ గేటు మీద గీసింది కాదు. ఇంట్లో పిల్లలు కెమెరాను తిప్పి వదిలేస్తే, గేటు కోసం గీసిన జోన్ వెళ్లి రోడ్డు మీద కూర్చుంటుంది. అందుకే గేటు చూసే చోటును ప్రీసెట్‌గా సేవ్ చేసి, చూసిన తర్వాత మళ్లీ అక్కడికే తెచ్చి వదలాలి. ఆటో ట్రాకింగ్ కూడా ఇంటి బయట కెమెరాకు ఆపేయడమే మంచిది. కుక్క వెంట తిరిగి, ఆ తర్వాత కెమెరా గోడను చూస్తూ ఉండిపోయిన సందర్భాలు చాలా ఇళ్లలో ఉంటాయి.

తర్వాత మనిషిని గుర్తుపట్టే సెట్టింగు. మీ కెమెరాలో పర్సన్ డిటెక్షన్, హ్యూమన్ డిటెక్షన్ పేరుతో ఏదైనా ఉంటే దాన్ని ఆన్ చేసి, మామూలు మోషన్ అలర్ట్‌ను ఆపండి. రెండూ ఆన్‌లో ఉంటే ఫలితం సున్నా, ఎందుకంటే పిల్లికి మోషన్ అలర్ట్ ఎలాగూ వస్తుంది. చాలామంది "ఏఐ పెట్టినా తగ్గలేదు" అనడానికి కారణం ఇదే.

సెన్సిటివిటీ చివర్లో ముట్టుకోవాలి. కొత్త కెమెరాలో అది ఎక్కువ మీద ఉంటే మధ్యకు తెచ్చి రెండు రోజులు చూడండి. ఒక్కసారిగా అట్టడుగుకు దించకండి. కంపెనీని బట్టి ఆ అంకెల అర్థం మారుతుంది. ఒకదాంట్లో 50 అంటే ఇంకోదాంట్లో 50 కాదు, కాబట్టి పక్కింటి భాయ్‌జాన్ చెప్పిన అంకెను మన కెమెరాకు పెట్టడంలో అర్థం లేదు.

అలర్ట్ ఇంటర్వెల్ అని ఇంకొకటి ఉంటుంది. ఒక అలర్ట్ వచ్చాక మళ్లీ ఎంతసేపటికి ఇవ్వాలి అని. వాకిట్లో చుట్టం నిలబడి పది నిమిషాలు మాట్లాడితే పది అలర్ట్‌లు అక్కర్లేదు. పగలు రెండు మూడు నిమిషాలు పెట్టుకోవచ్చు. రాత్రికి తక్కువ పెట్టండి.

ఇంటికి వైర్లతో డీవీఆర్ సెట్ పెట్టించుకున్నవాళ్లకూ ఇవే సూత్రాలు. హైక్‌విజన్, దహువా, సీపీ ప్లస్ లాంటి సెట్లలో మోషన్ జోన్‌ను గళ్ల రూపంలో గీసుకోవచ్చు. వాటిలోని కొన్ని మోడళ్లలో మామూలు మోషన్ కాకుండా "గీత దాటితే", "ఈ స్థలంలోకి వస్తే" అనే పద్ధతులూ ఉంటాయి, మనిషి బండి తేడా చూసేవీ ఉన్నాయి. స్థలంలోకి వచ్చి ఇన్ని సెకన్లు ఉంటేనే మోగాలి అని పెట్టే వీలుంటే రెండు సెకన్లు పెట్టండి, ఎగిరిపోయే పిట్ట తప్పిపోతుంది. అయితే ఇవన్నీ మార్చాలంటే డీవీఆర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గర ఉండాలి. బిగించినవాడి దగ్గర మాత్రమే ఉంటే అడిగి తీసుకుని, వెంటనే మార్చేయండి. అది మీ ఇంటి తాళంచెవి లాంటిది.

రాత్రి పురుగులు, సాలెగూళ్లు, వాన

రాత్రి అలర్ట్‌లలో పెద్ద వాటా పురుగులదే. కెమెరా ఇన్‌ఫ్రారెడ్ లైటు లెన్సు చుట్టూనే ఉంటుంది కాబట్టి, దగ్గరగా ఎగిరే దోమ కూడా తెల్లటి ఉండలా మెరుస్తూ పోతుంది. పురుగులున్న చోటికి సాలీడు, దాని తర్వాత బల్లి. సాలెపోగు గాలికి ఊగితే రాత్రంతా మోగుతుంది.

పదిహేను రోజులకోసారి మెత్తటి పొడి గుడ్డతో లెన్సు, దాని చుట్టూ తుడవండి. పురుగుల మందు కొట్టాలంటే కెమెరా వెనక గోడకు కొట్టండి, లెన్సు అద్దం మీద పడనివ్వకండి. వరండా బల్బు కెమెరా పక్కనే ఉంటే దాన్ని నాలుగైదు అడుగుల దూరానికి మార్చండి. పురుగులు బల్బు దగ్గర తిరుగుతాయి, లెన్సు ముందు కాదు. రాత్రి కూడా కలర్‌లో కనిపించాలని తెల్ల లైటు వేసే కెమెరాలు వస్తున్నాయి. తొలకరి వానలకు ఉసిళ్లు లేచే రోజుల్లో ఆ తెల్ల లైటు ఆపి ఇన్‌ఫ్రారెడ్‌కు మార్చుకోకపోతే ఆ రాత్రి ఫోన్ పక్కన పెట్టేయాల్సిందే. వరండాలో రాత్రంతా ఒక చిన్న ఎల్‌ఈడీ బల్బు వెలుగుతూ ఉండే ఇళ్లలో ఇంకో లాభం ఉంది. వెలుతురు సరిపోతే కెమెరా రాత్రి మోడ్‌లోకి మారదు, ఆ మగ్రిబ్ అలర్ట్ కూడా పోతుంది.

వానకు పూర్తి మందు లేదు. చినుకులు ఇన్‌ఫ్రారెడ్‌లో తెల్ల గీతల్లా కనిపిస్తాయి. మనిషిని గుర్తుపట్టే కెమెరా అయితే వీటిలో చాలావాటిని వదిలేస్తుంది. లేనివాళ్లు కెమెరా పైన చిన్న రేకు చూరు వేయించుకోవచ్చు, కనీసం లెన్సు మీద చుక్క నిలవదు.

రంజాన్‌లో, బక్రీద్‌కు

మన ఇళ్ల టైములు ఏడాదంతా ఒకలా ఉండవు, కెమెరా షెడ్యూల్ మాత్రం ఒకసారి పెట్టింది అలాగే ఉంటుంది. మామూలు రోజుల్లో రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా అలర్ట్‌లు పెట్టుకున్న ఇంట్లో, రంజాన్ మొదటి సహరీకే కెమెరా గొడవ చేస్తుంది. వంటింట్లోకి, వరండాలోకి ఇంటివాళ్లే తిరుగుతుంటారు, మస్జిద్‌కు పోయేవాళ్లు గేటు తీస్తారు. దాంతో విసిగిపోయి నెలంతా ఆపేస్తారు. అదే నెలలో ఇల్లు ఖాళీగా ఉండే టైము కొత్తగా వస్తుంది. ఇషా తర్వాత తరావీకి అందరూ పోయిన గంటన్నర. ఆఖరి పది రోజుల్లో బజారుకు పోయే రాత్రులు కూడా. కాబట్టి రంజాన్‌కు షెడ్యూల్‌ను రెండు ముక్కలు చేయండి. ఇషాకు పది నిమిషాల ముందు నుంచి తిరిగొచ్చే దాకా ఒకటి, పడుకున్న తర్వాత నుంచి సహరీకి లేచేదాకా ఇంకొకటి. కొన్ని యాప్‌లలో హోమ్ మోడ్, అవే మోడ్ అని ఉంటాయి. బయటికి పోతూ ఒక్కసారి నొక్కితే చాలు, షెడ్యూల్ తలనొప్పి ఉండదు.

బక్రీద్ ముందు వాకిట్లో మేకను కట్టేస్తే అది ఉన్నన్ని రోజులూ కెమెరాకు పండగే. నాలుగైదు రోజుల కోసం కెమెరా ఆపకండి, మేకకూ కాపలా కావాలి కదా. మేకను కట్టిన మూలను జోన్ నుంచి తీసి, ఆ మూలకు వచ్చే దారిని, గేటును జోన్‌లో ఉంచండి. మేక దగ్గరికి రావాలంటే ఎవరైనా ఆ దారినే రావాలి.

గల్ఫ్ నుంచి చూసేవాళ్లకు

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు టైమ్‌జోన్‌ది. కెమెరాను రియాద్‌లో కొని అక్కడే యాప్‌లో కలిపి, తర్వాత ఇక్కడికి పంపితే దాని గడియారం సౌదీ టైము మీదే ఉండిపోవచ్చు. సౌదీ మనకన్నా రెండున్నర గంటలు వెనక, యూఏఈ గంటన్నర వెనక. రాత్రి 11 నుంచి 5 దాకా అని షెడ్యూల్ పెడితే, సౌదీ గడియారం మీదున్న కెమెరా మన టైము ప్రకారం ఒంటిగంటన్నర నుంచి ఉదయం ఏడున్నర దాకా పనిచేస్తుంది. పొద్దున పాలవాడు, పేపరు అబ్బాయి, ఊడ్చే అమ్మాయి అందరికీ అలర్ట్‌లు వస్తాయి. అసలు కావాల్సిన పదకొండు నుంచి ఒంటిగంటన్నర దాకా ఏమీ రాదు. కెమెరా బొమ్మ మూలన కనిపించే టైమును ఇంట్లో గోడ గడియారంతో పోల్చి చూడమని చెల్లినో తమ్ముణ్నో అడగండి. తేడా ఉంటే డివైస్ సెట్టింగ్స్‌లో టైమ్‌జోన్ ఇండియాకు మార్చండి.

అలర్ట్‌లు ఎవరికి రావాలన్నది కూడా ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి. ఐదుగురి ఫోన్లకు వస్తే "ఎవరో ఒకరు చూసి ఉంటారు" అని ఎవరూ చూడరు. పగలు ఇంట్లో ఉన్నవాళ్లకే కెమెరా అక్కర్లేదు. రాత్రికి మన ఊళ్లోనే ఉన్న, లేచి వెళ్లగలిగిన ఒకరికి మోగేలా పెట్టండి. గల్ఫ్‌లో ఉన్న కొడుక్కి రెండోదిగా. బీపీ ఉన్న అమ్మీ ఫోన్‌లో రాత్రి అలర్ట్ శబ్దం ఉండకపోతేనే నయం.

ఇంటి లోపల కెమెరా పెట్టినచోట గోషా విషయం మర్చిపోవద్దు. షేర్ సౌకర్యంతో ఒక్కొక్కరికి విడివిడిగా యాక్సెస్ ఇవ్వండి, ఒకే లాగిన్ పాస్‌వర్డ్‌ను చుట్టాలందరికీ పంచకండి. ఆడవాళ్లు హాల్లో ఉన్నంతసేపు ప్రైవసీ మోడ్ వేసే అధికారం వాళ్ల ఫోన్‌లోనే ఉండాలి, ఎక్కడో ఉన్నవాళ్లను అడిగి ఆపించుకునే పరిస్థితి ఉండకూడదు. ఎదురింటి వాకిలి, కిటికీ మన కెమెరాలో పడుతుంటే ప్రైవసీ మాస్క్‌తో ఆ భాగం నల్లగా మూసేయండి. ఇతరుల ఇళ్లలోకి అనుమతి తీసుకున్నాకే వెళ్లాలని సూరా నూర్ చెబుతుంది. వాళ్లకు తెలియకుండా వాళ్ల వాకిట్లోకి చూస్తూ ఉండటం అంతకన్నా భిన్నమైనదేం కాదని నా అభిప్రాయం. పైగా ఆ భాగం నుంచి వచ్చే అలర్ట్‌లూ ఆగుతాయి.

ఫోన్ వైపు కూడా ఒకసారి

కెమెరా సరిగ్గానే పంపినా ఫోన్ ఆపేసే సందర్భాలున్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్లు బ్యాటరీ ఆదా కోసం వెనకాల నడిచే యాప్‌లను నిద్రపుచ్చుతాయి. రాత్రి రెండింటి అలర్ట్ పొద్దున ఫోన్ తెరిచాక వస్తుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా యాప్‌కు బ్యాటరీ పరిమితి తీసేయండి, ఆటోస్టార్ట్ అనే ఆప్షన్ ఉన్న ఫోన్లలో దాన్నీ ఆన్ చేయండి. కెమెరా అలర్ట్‌కు వాట్సాప్‌కు లేని వేరే రింగ్‌టోన్ పెట్టండి. రాత్రి డు నాట్ డిస్టర్బ్ వాడే అలవాటుంటే, ఈ ఒక్క యాప్‌కు మినహాయింపు ఇవ్వండి.

మరీ తగ్గించేశామా?

అలర్ట్‌లు తగ్గాయని సంతోషించే ముందు పరీక్ష చేయాలి. పగలు ఒకసారి, రాత్రి లైట్లు ఆపి ఒకసారి ఇంట్లోవాళ్లలో ఎవరైనా గేటు నుంచి తలుపు దాకా నడవండి. నిటారుగా నడవండి, వంగి నడవండి, గోడ పక్కనే ఆనుకుని నడవండి. బుర్ఖాలో ఒకరు, గొడుగు పట్టుకుని ఒకరు, దుప్పటి కప్పుకుని ఒకరు నడిచి చూడండి. మనిషిని గుర్తుపట్టే కెమెరా ఆకారాన్ని బట్టి పనిచేస్తుంది, కాళ్లూ చేతులూ కప్పేసి ఉంటే అది తప్పిపోవచ్చు. ఈ నడకల్లో ఏది మోగలేదో చూసి సెన్సిటివిటీ ఒక మెట్టు పెంచండి. ఒక పిల్లి అలర్ట్ ఎక్కువొచ్చినా పర్లేదు, మనిషి తప్పిపోకూడదు. సెట్టింగ్స్ ఏవి మార్చినా, యాప్ కొత్త వెర్షన్ వచ్చినా ఈ నడక మళ్లీ చేయాలి.

అలర్ట్ వేరు, రికార్డింగ్ వేరు అన్నది కూడా గుర్తుంచుకోవాలి. అలర్ట్‌లు తక్కువ చేసుకున్నా మెమరీ కార్డులో రికార్డింగ్ 24 గంటలూ నడిచేలా పెట్టుకోవచ్చు. అప్పుడు కెమెరా పొరబడి మోగకపోయినా దృశ్యం దొరుకుతుంది. లెక్క చూద్దాం. సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున రాసే కెమెరా రోజుకు దాదాపు 10.8 జీబీ తీసుకుంటుంది. 128 జీబీ కార్డు అంటే సుమారు 11 రోజుల దృశ్యం. తర్వాత పాతదాని మీద కొత్తది రాసుకుంటూ పోతుంది. నిరంతరం రాసే కెమెరాలకు ఎండ్యూరెన్స్ రకం కార్డులు విడిగా దొరుకుతాయి. ఫోన్‌లో వాడే మామూలు కార్డు ఈ పనికి త్వరగా అరిగిపోతుంది. కదలిక ఉన్నప్పుడు మాత్రమే రికార్డు చేసే పద్ధతిలో పెట్టుకుంటే, రోజుకు 200 ఉత్తుత్తి అలర్ట్‌లు, ఒక్కోటి 20 సెకన్లు అనుకున్నా, 67 నిమిషాల చెట్టు కొమ్మల వీడియో పోగవుతుంది. అందులో పనికొచ్చే అర నిమిషాన్ని వెతకడం ఎంత కష్టమో దొంగతనం జరిగిన ఇంటివాళ్లను అడిగితే తెలుస్తుంది.

ఉమ్రాకో పెళ్లికో ఇల్లు తాళం వేసి పోయేటప్పుడు

ఇల్లు ఖాళీగా ఉంటే సూత్రం తిరగబడుతుంది. లోపల ఎవరూ ఉండరు కాబట్టి లోపలి కెమెరాలో ఏ కదలికైనా అనుమానించాల్సిందే. లోపలి కెమెరాకు జోన్లు తీసేసి, సెన్సిటివిటీ పెంచి, షెడ్యూల్‌ను 24 గంటలకు మార్చండి. ఫ్యాన్లు ఆపేస్తారు, పరదాలు కదలవు, అలర్ట్‌లు ఎలాగూ తక్కువే. బయటి కెమెరా మాత్రం ముందున్నట్టే ఉంచండి. మెయిన్ ఆపేసి పోతే వైఫై రూటర్ కూడా ఆగిపోతుంది, కెమెరా ఉన్నా లేనట్టే. రూటర్‌కు, కెమెరాకు చిన్న యూపీఎస్ పెట్టడం కరెంటు కోతలున్న ఊళ్లలో తప్పదు.

ఆంధ్రప్రదేశ్ పోలీసులు తాళం వేసిన ఇళ్లలో కదలిక పసిగట్టే కెమెరా పెట్టి, అలర్ట్ కంట్రోల్ రూముకు పోయేలా చూసే ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే ఏర్పాటు తెచ్చారు. మీ స్టేషన్ పరిధిలో ఇప్పుడు ఆ సేవ నడుస్తోందా అని ప్రయాణానికి ముందే స్టేషన్‌లో అడగండి. తెలంగాణలో ఉన్నవాళ్లు కూడా ఊరెళ్తున్న సంగతి స్థానిక స్టేషన్‌లో చెప్పి పోతే రాత్రి గస్తీవాళ్లు అటు ఒక చూపు వేస్తారు.

అలర్ట్ వచ్చి, లైవ్ తెరిస్తే నిజంగానే మనిషి కనిపిస్తే ఏం చేయాలన్నది ముందే ఇంట్లో అనుకుని ఉంచుకోండి. పక్కింటివాళ్ల నంబరు, గల్లీలో నమ్మకస్తులైన ఒకరిద్దరి నంబర్లు, 112 లేదా 100. విదేశం నుంచి ఈ నంబర్లు కలవవు కాబట్టి గల్ఫ్‌లో ఉన్నవాళ్లు స్థానిక పోలీస్ స్టేషన్ నంబరును దేశం కోడ్‌తో సహా ఫోన్‌లో సేవ్ చేసుకోవాలి. ఇంట్లో ఉన్నవాళ్లు తలుపు తీసి బయటికి రాకూడదు. లోపలి నుంచే లైట్లన్నీ వేసి, కెమెరా మైకులోనో కేకేసో ఉనికి తెలియజేసి, ఫోన్ చేయాలి. ఆ వీడియో ముక్కను వెంటనే ఫోన్‌లోకి డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, వచ్చినవాడు పోతూ పోతూ కెమెరాను పీకేసి కార్డుతో సహా తీసుకెళ్లొచ్చు.